పాత ప్యాచ్ పీకకూడదు

మందుల షాపు గాజు బల్ల మొదటి దెబ్బకి పగల్లేదు. టైరు ఊడదీసే ఇనప రాడ్డు దాని మీద పడి, జారి, దగ్గుమందు సీసాల వరసలోకి దూసుకుపోయింది. ఎర్రటి మందు బల్ల మీంచి కారి నేలకి చేరేలోపే రెండో దెబ్బ పడింది. ఈసారి గాజు వడగళ్ళలా రాలింది.

రాడ్డు పట్టుకున్నవాడి తల్లి అప్పటికింకా వీధి మలుపు తిరగలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ ఊడిందో తెలియదు. "ఒరేయ్, వద్దురా! నీకు దణ్ణం పెడతారా!" అని అరుస్తూనే ఉంది గానీ, ఆ వీధి పొడుగునా కంప్రెసర్ల రొద, రిమ్ముల మీద సుత్తి దెబ్బలు. తన గొంతు తనకే వినపడలేదు.

పావుగంట కిందట ఆమె మొగుడు నిద్ర లేవలేదు. టీ గ్లాసు పట్టుకుని భుజం కుదిపింది. కళ్ళు తెరవలేదు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నవాడిలా నల్లబడి ఉన్నాయి. గురక ఒకటి వచ్చేది, ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఆమె లోపల్లోపల లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చాక ఇంకో గురక. ఆ తరవాత పద్నాలుగు. కోడలూ, ఎదురింటి ఆటో అతనూ కలిసి ఆమె మొగుణ్ణి, ఆ టైర్ల షాపు పెద్దమేస్త్రిని, దుప్పటితో సహా ఎత్తి ఆటోలో వేశారు. కొడుకు ఎక్కలేదు. తండ్రి భుజం వెనక అంటించి ఉన్న మూడు మందు పట్టీల వంక చూశాడు.

"ఇవిచ్చింది ఆ కళ్ళజోడుగాడే కదూ?" అన్నాడు. గోడకి చేరేసిన రాడ్డు అందుకున్నాడు.

ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టుకుని ఆమె ఒక్క క్షణం ఆగింది. మొగుణ్ణి చూడ్డానికి డాక్టర్లున్నారు. కొడుకుని ఎవరు చూస్తారు? "నువ్వు పదమ్మాయ్, నేనొస్తా" అని కోడలితో అని దిగిపోయింది.

కీడెంచి మేలెంచమన్నారు. ఆమె కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. కొడుకు లారీ టైరుకి గాలి కొడుతుంటే రిమ్ము ఎగిరి మెడకి తగులుతుందని రోజూ భయమే. వర్షమొస్తే ట్యూబులకి ప్యాచ్ కాల్చే ప్రెస్సు దగ్గర కరెంటు కొడుతుందని భయం. కోడలు బజారు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఏ బస్సు కింద పడిందోనని భయం. ఇన్ని ఆపదలు ముందే చూసి పెట్టుకున్న మనిషి, కొడుకు చేతిలో రాడ్డు ఇంకో తల్లి కన్నబిడ్డ మీద పడుతుందని మాత్రం చూసుకోలేదు.

ఆమె షాపు మెట్టు ఎక్కేసరికి మందులాయన బల్ల వెనక నేల మీద ఉన్నాడు. కళ్ళజోడు లేదు. ఆ మనిషి మొహాన్ని కళ్ళజోడు లేకుండా చూడటం ఆమెకి అదే మొదలు. కళ్ళ చుట్టూ తెల్లగా, చంటిపిల్లల కళ్ళలా ఉన్నాయి.

"పెట్టె చూపించు బాబూ," అంటున్నాడతను. "ఏ పవరిచ్చానో చూడాలి. ఒక్కసారి పెట్టె చూపించు."

"మా నాన్నకి విషం అంటించి పెట్టె అడుగుతావురా?"

అతను కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రాడ్డు మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఇంత పెద్ద మనిషి చేతిలోంచి అంత చిన్న చప్పుడా అని ఆమెకి తోచింది.

పక్క షాపు వెల్డింగాయన లోపలికొచ్చాడు. అతని వెనక ఇంకో ఇద్దరు.

"ఏం చేశాడు?"

"ఏదో తప్పు మందిచ్చాడంట."

"అయితే తన్నాల్సిందే."

తన్నారు. వెల్డింగాయన కాళ్ళకి నిప్పురవ్వలు పడకుండా వేసుకునే మందపాటి బూట్లున్నాయి. అతను ఒక చేత్తో లుంగీ ఎగదోపుకుని మరీ తన్నాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని వేలాడింది. కొడుకు విదిలించాడు. ఆమె వెళ్ళి అలమర మీద పడి, అరచెయ్యి గాజుపెంకుల్లో ఆనించింది. నేల మీద తల పెట్టి ఉన్న మందులాయన, తన ఎత్తుకి వచ్చిన ఆమె మొహాన్ని గుర్తుపట్టాడు.

"పెద్దమ్మా..." నోటినిండా రక్తం. "పాతవి... పాతవి తీశారా..."

బూటు అతని దవడ మీద పడింది. తరవాత అతను మాట్లాడలేదు.

*

ఆసుపత్రిలో నర్సమ్మ పెద్దమేస్త్రిని పక్కకి తిప్పి, భుజం వెనక పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసింది. అరిటాకు మీద పొర లేచినట్టు లేచాయవి. గొంతులో గొట్టం పెట్టారు. ఛాతీ మిషను కొట్టినట్టల్లా లేచి పడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి అంటిస్తున్నారు పెద్దమ్మా?"

"మూడు రోజులకొకటమ్మా. ఒక్క పూట తప్పలేదు. గోడ మీద గీతలు గీసి పెట్టా." అరచేతికి కట్టిన కట్టు పట్టుకుని చెప్పింది ఆమె. ఆ మాట చెప్పేటప్పుడు, అంత గాభరాలోనూ, కాస్త గర్వమే వచ్చింది గొంతులోకి.

"మరి కొత్తది వేసేటప్పుడు పాతది తీయలేదేం?"

"తీయాలా?"

నర్సమ్మ చెయ్యి ఆగింది.

"మేం పాత ప్యాచ్ పీకమమ్మా," అంది ఆమె. "పీకితే ట్యూబు చిరుగుతుంది. పక్కన వేస్తాం కొత్తది."

"ఆయన ట్యూబా పెద్దమ్మా?"

ఆమెకి మందులాయన నోట్లోంచి రక్తంతో పాటు వచ్చిన రెండు మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. పాతవి తీశారా. 

నర్సమ్మ దీపం దగ్గరికి లాగి వీపు చూసింది. పట్టీలున్న చోట మూడు నలుచదరపు మచ్చలు, గోధుమరంగు అంచులతో. "ఇవేంటి? వేడేమన్నా పెట్టారా? కాపడం గానీ, వేడినీళ్ళ సంచీ గానీ?"

"లేదమ్మా," అంది తల్లి.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది వచ్చిన దారి ఆమెకే కనపడలేదు.

"మంచిది. ఈ మందు చాలా గట్టిది. చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగాలి. వేడి తగిలిందా, మూడు రోజుల మందు ఒక్క పూటలో దిగిపోతుంది. మనిషి ఊపిరి తీయడం మర్చిపోతాడు."

ఊపిరి తీయడం మర్చిపోతాడు. ఆమె మొగుడి కాళ్ళ దగ్గర నిలబడి ఆ మాటని నమిలింది.

మొదటి పట్టీ రోజు ఇల్లంతా సందడే. వెన్నులో గడ్డతో రెండు నెలలుగా మూలుగుతున్న మనిషి ఆ రోజు బోర్లా పడుకుని పెత్తనం చేశాడు. చెమటకి పట్టీ అంచులు లేస్తున్నాయి. "నున్నటి దాని మీద ఏదీ పట్టదురా. ముందు గరుకు చెయ్యి," అన్నాడు. కొడుకు గిన్నెలు తోమే పీచుతో తండ్రి వీపు రుద్దాడు. స్పిరిటుతో తుడిచాడు. ఆరేదాకా ఊదాడు. పట్టీ పెట్టి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకి గాలి బయటికి నెట్టాడు, ట్యూబుకి నెట్టినట్టే. "ఇప్పుడు కాల్చు," అన్నాడు పెద్దమేస్త్రి. కరెంటు ప్రెస్సులు రాని రోజుల్లో ఆయన వాడిన ఇనప పలక ఒకటుంది, అరచేతంత, కొయ్యపిడితో. దాన్ని వేడిచేసి, ఒళ్ళు కాలకుండా గుడ్డ చుట్టి, పట్టీ మీద ఆనించాడు కొడుకు. రబ్బరు ఇనుముకి అంటుకోకుండా వాళ్ళు ఎప్పుడూ మధ్యలో ఒక కాగితం వేస్తారు. ఆ రోజు చేతికి దొరికింది మందు పెట్టెలో వచ్చిన కాగితమే. పల్చగా, జారుగా, సరిగ్గా పనికొచ్చింది.

"హాయిగా ఉందిరా," అన్నాడు పెద్దమేస్త్రి. ఆ రాత్రి ఆయన నిద్రపోయాడు. అందుకని మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం పలక కాచే పని తల్లే పెట్టుకుంది. ప్రతిసారీ కాగిన పలకని ఆ కాగితం మీద కాసేపు పెట్టి, గుడ్డ చుట్టి, ముందు తన చెంపకి ఆనించి చూసుకునేది, ఎక్కువ కాలిందేమోనని. అంత భయస్తురాలు.

కోడలు పదో తరగతి. ఆ కాగితాన్ని పాఠం చదివినట్టు చదవబోయింది ఆ మొదటిరోజే. "శ్వాసక్రియా మాంద్యము" అనే చోట నాలుక మడతపడింది. పొయ్యి మీద పాలు పొంగాయి. కొడుకు నవ్వాడు. "నాన్న ముప్పై ఏళ్ళు అంటించాడు. అంటించడం మనకి ఒకడు రాసి నేర్పాలా?"

ఆ కొడుకే ఇప్పుడు వార్డు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా చేతుల మీద ఎర్రటి మరకలు. కొన్ని దగ్గుమందువి, కొన్ని కావు. నేరుగా వచ్చి తండ్రి పాదాలు పట్టుకున్నాడు.

"వాణ్ణి వదల్లేదు నాన్నా," అన్నాడు. "మీరేం దిగులు పెట్టుకోకండి."

ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది. వాడికి తెలియదు. తెలిస్తే? వీడి రక్తం ఆమెకి తెలుసు. చిన్నప్పుడు తన చేతిలో గాలిపంపు జారి కుక్కపిల్ల కాలు విరిగితే, గోడకి తల బాదుకుని నాలుగు కుట్లు వేయించుకున్న రకం. కన్నతండ్రి ఊపిరి ఆపింది తను మొదలుపెట్టిన కాపడమేనని తెలిస్తే, ఆ రాడ్డు ఎటు తిరుగుతుందో ఊహించడానికి ఆమెకి పెద్ద కష్టం కాలేదు.

చెప్పకూడదనుకుంది. ఎప్పటికీ.

*

మర్నాడు వార్డు బయట బల్ల మీద ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. పాతికేళ్ళు దాటి ఉండవు. చేతిలో పగిలిన కళ్ళజోడు. దానికి ఒక అద్దమే మిగిలింది. చీర చెంగుతో ఆ ఒక్క అద్దాన్నే తుడుస్తోంది, తుడుస్తూనే ఉంది.

ఆ కళ్ళజోడుని తల్లి గుర్తుపట్టింది. సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"మీ వాళ్ళెవరు పిన్నీ?" అంది ఆ అమ్మాయి.

"మా ఆయన."

"మాకూ మా ఆయనే. మందుల షాపు మాది." కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుంది. "దవడ రెండు చోట్ల విరిగింది. తీగలతో కట్టారు. కుడిచెయ్యి పనికొస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఎడంచేత్తో రాసి చూపిస్తున్నారు."

"ఎవరు కొట్టారో..." అంది తల్లి.

"పోలీసులొచ్చి అదే అడిగారు. ఈయన పేరు రాయలేదు." జాకెట్లోంచి మడత కాగితం తీసి విప్పింది. చిన్నపిల్లల రాతలా వంకరటింకర అక్షరాలు. *నా తప్పుంటే వాళ్ళనేం అనను. పెట్టె చూడాలి.* "ఆ రోజు షాపులో జనం ఎక్కువంట పిన్నీ. ఇరవైఐదు బదులు డెబ్భైఐదు పవరు ఇచ్చేశానేమోనని ఒకటే కుమిలిపోతున్నారు. కళ్ళు మూస్తే ఆ ముసలాయన కనపడుతున్నాడంట. ఆ మనిషి పోతే షాపు మూసేసి, తనే వెళ్ళి పోలీసుల దగ్గర ఒప్పుకుంటారంట. ఆ పెట్టె మీద అంకె ఒక్కటి చూస్తే చాలంటారు."

పెట్టె తల్లి ఒళ్ళో సంచిలోనే ఉంది. నర్సమ్మ అడిగితే కోడలు తెచ్చిచ్చింది. నర్సమ్మ చూసి, "పవరు సరైందే, ఇరవైఐదే," అని తిరిగిచ్చేసింది. సంచి మీద ఆమె రెండు చేతులూ బిగుసుకున్నాయి.

ఆ రోజు షాపులో ఆమె ఎన్ని ప్రశ్నలడిగిందని! దురద పెడుతుందా బాబూ, పక్కకి తిరిగి పడుకుంటే నలుగుతుందా, తడిస్తే ఏమవుతుంది, గుండెకి ఏమన్నా చేస్తుందా. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. "అన్నీ లోపల కాగితంలో ఉన్నాయి పెద్దమ్మా, చదువుకోండి," అన్నాడతను. పెట్టె మీద పెన్నుతో 'మూడు రోజులకు ఒకటి' అని రాసిచ్చాడు. ఆ మూడు మాటలే వాళ్ళకి మందు. మిగిలింది కాగితం.

నోరు మూసుకుంటే చాలు. ఈ మనిషే తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. కొడుకు మీద కేసుండదు. వాడికి నిజం తెలియదు, తల బాదుకోడు. నోరు మూసుకోవడమంత సులువైన పని లోకంలో ఇంకోటి లేదు.

"మంచినీళ్ళు తాగుతావా అమ్మా?" అంది.

ఆ అమ్మాయి గుటకలు వేస్తూ తాగింది. సీసా తిరిగిస్తూ, "మీ చేతికేమైంది?" అని అడిగింది.

"గాజు గుచ్చుకుంది," అంది తల్లి. అదొక్కటి నిజం చెప్పింది.

*

మూడో రోజు మధ్యాహ్నం పెద్దమేస్త్రికి జ్వరం తగిలింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆ మాట ఆసుపత్రి గేటు దాటేసరికి 'కష్టమంట' అయింది. టైర్ల వీధికి చేరేసరికి 'పోయాడంట' అయింది.

మూడు గంటలప్పుడు కోడలు ఫోను చేసింది. ఏడుస్తోంది. "అత్తయ్యా, జెనరేటరు పక్కనున్న డీజిల్ డబ్బా పట్టుకుపోయాడు మీవాడు. వీధి వీధంతా వెళ్తున్నారు. షాపు తగలబెడతారంట. షాపు పైన ఎవరో అద్దెకుంటారు కదత్తయ్యా, పిల్లల తల్లి..."

తల్లి ఇంటికెళ్ళింది ముందు. ఎందుకెళ్ళిందో, ఏం తీసిందో ఆటో అతనికి అర్థం కాలేదు. ప్రెస్సు పక్క బల్ల మీద కొయ్యపిడి పలక ఉంది. దాని కింద ఆ మందు కాగితం. ఆమె దాన్ని లాగి, రవికలో దోపుకుని, మళ్ళీ ఆటో ఎక్కింది.

మందుల షాపు షట్టరు వేసి ఉంది. ముప్పైమంది దాకా ఉన్నారు. వెల్డింగాయన గునపంతో షట్టరు అడుగు ఎత్తుతున్నాడు; రేకు కీచుమంటోంది. కొడుకు చేతిలో డబ్బా. మేడ మీద కిటికీలోంచి ఎవరో ఆడమనిషి, "పిల్లలున్నారయ్యా!" అని అరుస్తోంది. ఎవరో పైకి రాయి విసిరారు. కిటికీ మూసుకుంది.

"దిగమను వాళ్ళని! లెక్కపెడతా, పది అంకెలు!" కొడుకు అరుస్తున్నాడు.

తల్లి వెళ్ళి షట్టరుకి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, తప్పుకో."

"తప్పుకుంటా. మీ నాన్న పోలేదు, ఊపిరుంది. ముందు ఇది చదువు."

"ఏంటది?"

"మీ నాన్న మందు కాగితం. ఇంతమంది ఉన్నారు కదా. చదివి చెప్పండి, ఆయనేం తప్పు చేశాడో. అప్పుడు తగలబెట్టుకోండి. నేనూ ఒక అగ్గిపుల్ల గీస్తా."

"పెద్దావిడ కదా, చదవనీ," అన్నాడు ఎవరో. వెల్డింగాయన గునపం పక్కన పెట్టి కాగితం లాక్కున్నాడు. కళ్ళు చిట్లించాడు. "ఇవి అక్షరాలా, చీమలా?" అన్నాడు. ఆటో అతను అందుకున్నాడు. అతను కాలేజీ దాకా చదివినవాడు.

"నూతన పట్టికను ధరింపజేయుటకు పూర్వము గత పట్టికను... తొలగింపవలెను." ఆగాడు. "పట్టికంటే? లిస్టా?"

"కింద చదువు," అంది తల్లి.

"ఔషధ పట్టికను బాహ్య ఉష్ణ మూలములకు గురిచేయరాదు."

"ఉష్ణ మూలములంటే ఏంటి?"

"మూలశంకరా. వేడి చేస్తే వస్తుంది కదా. అది ఉన్నోళ్ళు వాడకూడదని," అన్నాడు వెల్డింగాయన గట్టిగా.

గునపాలు, రాళ్ళు పట్టుకున్న గుంపులో కిసుక్కున నవ్వు పుట్టింది. ఎవరో, "మరి పెద్దమేస్త్రికి లేదుగా?" అన్నారు.

"వేడి పెట్టకూడదని అర్థం," అంది తల్లి. "కొత్తది అంటించే ముందు పాతది పీకెయ్యాలని. నర్సమ్మ చెప్పింది. అంతేనంట."

"ఆ మాత్రం దానికి ఇంత రాయాలా?" ఆటో అతను కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "మధ్యలో కొంత చదవడానికి రావట్లేదు పిన్నీ. ఇక్కడ కాలిపోయింది."

కొడుకు అప్పుడు చూశాడు.

కాగితం నడిమధ్య గోధుమరంగు చదరం. అరచేతంత. మూలలు గుండ్రంగా, ఒక మూల చిన్న నొక్కు. ఆ నొక్కు చిన్నప్పుడు వాడే పలకని నేలకేసి కొట్టి చేసింది. ఆ పలక ముద్రని వాడు చీకట్లోనైనా గుర్తుపడతాడు.

డబ్బా వాడి చేతిలోంచి జారలేదు. నెమ్మదిగా వంగి, నేల మీద పెట్టాడు. మూత వెతికి బిగించాడు. పని అయ్యాక సామాను సర్దే మనిషిలా.

"రోజూ పెట్టావా అమ్మా?" అన్నాడు.

"పొద్దునా సాయంత్రం."

"నేను నేర్పినట్టే?"

ఆమె తల ఊపింది.

గుంపులో ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. టైర్ల వీధి మనుషులు; కాలిన కాగితం చూస్తే కథ తెలుస్తుంది వాళ్ళకి. వెల్డింగాయన తన బూట్ల వంక చూసుకున్నాడు. "నాకు షాపులో పనుంది," అన్నాడు ఎవరితో అని లేకుండా. ఒకరి తరవాత ఒకరు జారుకున్నారు. గునపం మాత్రం అక్కడే మిగిలింది.

కొడుకు షాపు మెట్టు మీద కూర్చున్నాడు. నడుముకి దోపుకున్న రాడ్డు తీసి ఎడంచేత పట్టాడు. కుడి అరచేతిని మెట్టు రాయి మీద వెడల్పుగా పరిచాడు. అప్పుడు కూడా మొహంలో ఏమీ లేదు. రాడ్డు లేచింది.

ఆమె ఈ ఒక్కటి మాత్రం ముందే ఊహించింది. మూడు రోజులుగా నిద్రలోనూ చూస్తోంది. అందుకే చెయ్యి ఆలస్యం కాలేదు. కట్టు కట్టిన తన అరచేతిని వాడి చేతి మీద పరిచింది.

రాడ్డు దిగుతూ దిగుతూ పక్కకి తిరిగింది. రాయి పెచ్చు లేచి ఆమె చెంప కోసుకుంది. అయినా దాని కొస ఆమె చిటికెన వేలికి తగిలింది. అదే ఎండుపుల్ల చప్పుడు. అంత చిన్నదే.

"అమ్మా!"

"లే," అంది ఆమె పళ్ళు బిగించి. "ఆయన పెట్టె చూడాలంటున్నాడు. పద, చూపిద్దాం."

*

మందులాయన ఎడంచేత్తో పెట్టె పట్టుకున్నాడు. ఒంటికంటి కళ్ళజోడు భార్య పెట్టింది. ఇరవైఐదు. అంకె మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, చెరిగిపోతుందేమో చూద్దామన్నట్టు. తరవాత, తీగలు కట్టిన దవడ కదలకుండానే, ఏడ్చాడు. ముక్కులోంచి కూత లాంటి శబ్దం వచ్చింది.

తల్లి అంతా చెప్పింది. పీచు, పలక, కాగితం. చెప్పడం అయ్యేదాకా కొడుకు గోడకి ఆనుకుని నేల చూశాడు.

"నీ చేత్తో నాకు నీళ్ళు తాగించావు కదా పిన్నీ నిన్న," అంది ఆ అమ్మాయి. లేచి వచ్చి తల్లి చెంప మీద కొట్టింది. కోసుకున్న చెంపే. ఇంకోటి కొట్టింది. కొడుకు ముందుకి కదిలాడు.

"కొట్టనీ," అంది తల్లి.

మందులాయన మంచం ఊచని ఉంగరంతో తట్టాడు. కాగితం కావాలన్నట్టు వేళ్ళు ఆడించాడు. చాలాసేపు పట్టింది ఆ రాయడం. *నేను చెప్పాల్సింది. రెండు మాటలే కదా.* దాని కింద ఒక గీత గీశాడు. గీత కింద ఇంకోటి రాసి, ఈసారి తల్లి వైపు చూడకుండా భార్యకిచ్చాడు. *పోలీసులని పిలు. పేరు రాస్తాను.*

పోలీసులొచ్చేదాకా కొడుకు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పారిపోలేదు. తల్లి పక్కనే కూర్చుంది. వాడు ఆమె చిటికెన వేలిని పక్క వేలితో కలిపి జేబురుమాలు చుట్టాడు. అంచులు లేవకుండా బొటనవేలితో మధ్య నుంచి నొక్కుకుంటూ వచ్చాడు. సగంలో తన వేళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకుని ఆగిపోయాడు. ముడి ఆమే వేసుకుంది.

*

అయిదో రోజు పొద్దున పెద్దమేస్త్రి గొంతులోంచి గొట్టం తీశారు. జ్వరం దిగింది. కళ్ళు తెరిచి చాలాసేపు పైకప్పు వంకే చూశాడు. తరవాత చెయ్యి మెల్లగా భుజం వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు. చర్మం మీద వేళ్ళు అటూ ఇటూ తిరిగాయి.

"ఏమే," అన్నాడు. గొంతు ఆకురాయి మీద రబ్బరు రుద్దినట్టుంది. "ఎవరే పీకింది? పాత ప్యాచ్ పీకితే ట్యూబు చిరుగుతుందని ముప్పైయేళ్ళుగా చెప్తున్నానా లేదా?"

ఆమె తడిగుడ్డ పిండి ఆయన వీపు మీద వేసింది. చల్లటి నీళ్ళు. ఆ మూడు చదరాల మీద ఒక్కొక్కదాని మీదా మెల్లగా అద్దింది.

"వాడేడీ?" అన్నాడాయన. "వాణ్ణి పిలు. వాడైతే సరిగ్గా అంటిస్తాడు."

ఆమె గుడ్డ తిప్పి వేసింది. కట్టు కట్టిన వేలు పక్కకి పెట్టుకుని.

"చిరిగిందయ్యా," అంది. "అయినా పీకాల్సొచ్చింది."